ఈల శాసనం కింది రేకు

ఏకశృంగపురాన్ని దూరం నుంచి చూసినవాడెవడూ అక్కడ మనిషికి కష్టం ఉంటుందని అనుకోడు. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికి ఏడు బురుజులు, ప్రతి బురుజు మీదా పగడపు రంగు జెండాలు. వీధుల్లో గంధం కలిపిన నీళ్లతో కళ్లాపి చల్లుతారు. రాజమార్గానికి రెండువైపులా పొగడ చెట్లు తెల్లవార్లూ పూలు రాల్చి, పొద్దున్నే నడిచేవాడి కాళ్లకు మెత్తటి తివాచీ పరుస్తాయి. ఊరి వెనక ఒంటికొమ్ము కొండ. ఆ కొండ కొసన, రెక్కలు ముడుచుకుని కూర్చున్న పక్షిలాంటి నల్లని పెద్ద బండ. ఇంత చక్కటి నగరం భూమ్మీద ఇంకొకటి లేదని, అది రాజధానిగా ఉన్న మేఘవల్లి రాజ్యపు ప్రజలు చెప్పుకుంటారు. నిజమే కావచ్చు. కాకపోతే ఆ ఊళ్లో ఈల వేసినవాడికి తల తీస్తారు.

ఆ సంగతి తెలియక గొరవయ్య ఈల వేశాడు.

గొరవయ్య హిమకూట రాజ్యపు అశ్వశాలలో ముప్ఫయ్యేళ్లు పనిచేసినవాడు. యువరాజు శరభకేతుకి మూడో ఏట గుర్రమెక్కడం నేర్పినవాడు. చూపు పోయిన తండ్రి కోసం నేత్రమణిని తెస్తానని శరభకేతు పడమటి కొండలకు బయలుదేరితే, "దొరా, మీ గుర్రానికి నేను లేకపోతే నిద్ర పట్టదు" అని వెంటబడి వచ్చాడు. నలభై రోజుల్లో ఇద్దరూ సుడిగుండాలు దాటారు, ఒక రాక్షసి పెట్టిన విందు తినకుండా తప్పించుకున్నారు. అంతా చేసి, పున్నమినాటి ఉదయం ఈ నగరద్వారం దగ్గర, గడ్డి కోసం పక్కకు పోయిన గుర్రాన్ని పిలవడానికి గొరవయ్య నోట్లో రెండు వేళ్లు పెట్టాడు. ఈల సగంలో ఉండగానే నలుగురు భటులు అతని మీద పడ్డారు.

శరభకేతు కత్తి దూశాడు. దళపతి బెదరలేదు, చేతులు జోడించాడు.

"మమ్మల్ని నరికితే నరకండి బాబూ. ఇంకో నలభైమంది వస్తారు. వాళ్లనీ నరకండి. శాసనం మాత్రం మండపంలో వేలాడుతూనే ఉంటుంది. సాయంకాలం నగారా మోగేసరికి ఇతని తల తియ్యాలి. నాకేమీ సరదా కాదు."

"ఈల వేస్తే ఏమవుతుందయ్యా మీ ఊరికి? కొండ కూలుతుందా?"

"ఏమో బాబూ. మా తాతల నాటి శాసనం. ఎందుకో ఎవరికీ తెలీదు."

"తెలియకపోతే ఎత్తెయ్యండి!"

"ఎత్తెయ్యడం మా పని కాదు. శాసన మండపానికి పొండి. పేరిందేవి అవ్వ చెబుతుంది."

గొరవయ్యను చెరసాలకు ఈడ్చుకుపోతుంటే అతను వెనక్కి తిరిగి, "దొరా, గుర్రానికి నీళ్లు పెట్టండి, మర్చిపోకండి!" అని అరిచాడు. శరభకేతు కళ్లలో నీళ్లు తిరిగాయి. గుర్రానికి నీళ్లు పెట్టి, ఎక్కి, దౌడు తీశాడు.

శాసన మండపం ఒంటికొమ్ము కొండ పాదాన ఉంది. వేయి స్తంభాలు, ప్రతి స్తంభానికీ ఒక ఇనుప కొక్కెం, కొక్కేనికి గొలుసు, గొలుసుకు రాగి రేకులు. గాలి వీచినప్పుడల్లా రేకులన్నీ ఒకదానికొకటి తగిలి, పెద్ద ఇంట్లో అంట్లు తోముతున్నట్టు మోత. ఆ మోత మధ్య పీట వేసుకుని, దొన్నెలో పెరుగన్నం కలుపుకుంటూ కూర్చుంది పేరిందేవి. డెబ్భయ్యేళ్లుగా ఆ రేకులకు కాపలా ఆమే.

"మా పద్ధతి చాలా తేలిక నాయనా" అంది ఆమె, అతను చెప్పిందంతా విని. "సభలో అరవై నలుగురు సభ్యులు. కొత్త శాసనం మూడుసార్లు చదువుతారు. సమ్మతమైతే తాంబూలం నోట్లో వేసుకుంటారు, కాకపోతే పళ్లెంలో పెట్టేస్తారు. నోళ్లు ఎక్కువైతే రేకు చెక్కించి ఇక్కడ వేలాడదీస్తాం. పాత శాసనం వద్దనుకుని కొత్తది చేశారనుకో, పాతదాని మీదే కొత్త రేకు తగిలిస్తాం. పైన కనబడేదే చెల్లుతుంది. కింద ఉన్నది నిద్రపోతుంది. ఏ రేకునీ కరిగించం. రాగి తల్లిలాంటిది."

"ఈల శాసనాన్ని తీయించడమెలా?"

"రెండు దార్లు. ఒకటి, సభే రద్దు చేయాలి. మళ్లీ తాంబూలాలు. రెండోది, ఆ చివర కనబడుతోందే మూలశిల, దాని దగ్గర ముగ్గురు ధర్మాధికారులు కూర్చుంటారు. శిల మీద మా మొదటి రాజు చెక్కించిన నాలుగు మాటలున్నాయి. ఏ శాసనమైనా వాటికి ఎదురు తిరిగితే సుత్తితో కొట్టేస్తారు."

"అయితే ఇప్పుడే కొట్టించండి అవ్వా!"

"ఆ శాసనం వల్ల దెబ్బ తిన్నవాడే స్వయంగా వచ్చి శిల మీద చెయ్యి పెట్టి అడగాలి."

"దెబ్బ తిన్నవాడు చెరసాలలో ఉన్నాడు!"

"అవును మరి. అందుకే ఇంతవరకూ ఎవరూ రాలేదు" అని పేరిందేవి పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది.

శరభకేతుకి అక్కడున్న స్తంభానికి తల కొట్టుకోవాలనిపించింది. రాక్షసులయితే నయం, కత్తికి లొంగుతారు. ఈ పద్ధతికి మెడ ఎక్కడుందో తెలియడం లేదు. అయినా పేరిందేవిని బతిమాలి, ఈల శాసనం గొలుసును పల్లకీలో పెట్టించి, తాను ముందు నడిచి రాజసభకు చేరాడు.

సౌమ్యసేన మహారాజు సభ కన్నుల పండుగగా ఉంది. నేలంతా వెన్నెలరాయి. పైకప్పు నుంచి ముత్యాల కుచ్చులు. అరవై నాలుగు ఏనుగుదంతపు ఆసనాలు, ఆసనానికొక వెండి పళ్లెం, పళ్లెంలో తడి ఆకులు, వక్కలు, పచ్చకర్పూరం. మహారాజు మంచివాడు. ఎంత మంచివాడంటే, అయిదు వాక్యాలు వినేసరికి ఎదుటివాడు చెప్పింది సబబేనని ఒప్పుకుంటాడు. ఆరో వాక్యం ఇంకొకడు చెబితే అదీ సబబే అంటాడు. ఆయన కుడిపక్కన మంత్రి ఘూకదత్తుడు. మోకాళ్ల దాకా జడలు, చేతిలో గుడ్లగూబ పుర్రె తగిలించిన కర్ర, నడుముకు బూడిద సంచి. చిన్నప్పుడు శ్మశానాల్లో నేర్చిన విద్య పెద్దయ్యాక కొలువులో పనికొచ్చిందని ఊళ్లో గుసగుసలు.

ఆశ్చర్యమేమిటంటే శరభకేతు మొర వినగానే అందరికంటే ముందు ఘూకదత్తుడే లేచాడు.

"పాపం! ముసలివాడు! గుర్రాన్ని పిలిచినందుకు తల తీయడమా? ఇది పాత చింతకాయ పచ్చడి లాంటి శాసనం ప్రభూ. తీసేద్దాం."

మూడుసార్లు చదివారు. ఒకసారి చదివినప్పుడు వెనక వరసకు వినబడలేదన్నారు. నాలుగోసారి చదివారు. అయిదో ఆసనంలోని పెద్దాయన, ఈల అంటే పెదవులతోనా, వేళ్లతోనా, వెదురుతోనా అని అడిగాడు. దాని మీద గంట గడిచింది. శరభకేతు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడ్డాడు. చివరికి సభ్యుల చేతులు తాంబూలాల మీదకు పోతుండగా పేరిందేవి కర్ర ఎత్తింది.

"ఆగండి. రద్దుకు ముందు కింది రేకు చదవాలి. పైది తీస్తే అది మేలుకుంటుంది కదా. ఆచారం."

గొలుసు తిప్పి చూశారు. కింది రేకు పచ్చగా చిలుం పట్టి, ఒక్క అక్షరం కనిపించడం లేదు.

"కాస్త చింతపండు తెప్పించండి, తోముతాను" అంది పేరిందేవి.

"చింతపండా?" శరభకేతు గొంతు ముత్యాల కుచ్చులను ఊపింది. "అవ్వా, అక్కడ మా గొరవయ్య గంటలు లెక్కపెట్టుకుంటున్నాడు! మీరు ఇక్కడ గిన్నెలు తోముతానంటారా? కింద ఏముంటే ఏమిటి, ముందు పైది తీయండి!"

"సబబే" అన్నాడు మహారాజు.

"ఆచారం ప్రభూ" అంది పేరిందేవి.

"అదీ సబబే."

చింతపండు వచ్చింది. పేరిందేవి కొంగు బిగించి రుద్దడం మొదలుపెట్టింది. చిలుం కింద నుంచి 'ప్రతి పున్నమి' అన్న రెండు మాటలు ఎర్రగా బయటపడ్డాయో లేదో, ఘూకదత్తుడు నడుము సంచిలోంచి చిటికెడు బూడిద తీసి ఉఫ్ అని ఊదాడు. అరవై నాలుగు పళ్లేల్లోని తమలపాకులు ముడుచుకున్నాయి, పొడుగు సాగాయి, పడగలెత్తాయి. సభంతా పచ్చపాముల బుసలే!

పెద్దమనుషులు ఆసనాలెక్కారు. కొందరు ఒకరి భుజాలమీదొకరు ఎక్కారు. శరభకేతు కత్తి గిరగిరా తిప్పుతూ పాముల మధ్యకు దూకాడు. నరికిన పాము నరికినట్టే రెండు ఆకులై రాలుతోంది. పది, ఇరవై, నలభై. మహారాజు సింహాసనం చేతికి చుట్టుకున్న ఆఖరి పామును ఒడిసిపట్టి నేలకు కొట్టేసరికి అతని చేతిలో మిగిలింది ఈనె.

"తాంబూలాలు లేవు కాబట్టి," అన్నాడు ఘూకదత్తుడు విచారంగా, "సభ రేపటికి వాయిదా."

"రేపటికా!" శరభకేతు కత్తి మొన అతని గొంతు దగ్గరకు పోయింది. "ఈ పాములు నీ బూడిదలోంచి పుట్టాయి. నా కళ్లారా చూశాను."

"చూస్తే చూశావు. దాని మీద ఫిర్యాదు చేయాలన్నా సభ ఉండాలి కదా నాయనా? అంత తొందరైతే ధర్మపీఠానికి పో. అక్కడ చింతపండు గొడవ లేదు. ముందున్న రేకు తప్ప వేరే చూడరు."

అప్పుడైనా శరభకేతు ఆగి ఆలోచించాల్సింది. శత్రువు దారి చూపిస్తే ఆ దారిలో గొయ్యి ఉంటుందని హిమకూటంలో పసిపిల్లలకూ తెలుసు. కానీ పొద్దు పడమటికి వాలుతోంది. పేరిందేవి గొలుసు పల్లకీలో పెట్టుకుని మండపానికి వెళ్లిపోయింది. దెబ్బ తిన్నవాడే రావాలి. సరే, దెబ్బ తినడమెంతసేపు?

అతను రాజభవనం ముందు భటులు బారులు తీరిన చోటికి వెళ్లి, నడిమధ్యన నిలబడి, పెదవులు సున్నాలా చుట్టి ఊదాడు. వట్టి గాలి వచ్చింది. రాజకుమారులకు విలువిద్య నేర్పుతారు, గజశాస్త్రం నేర్పుతారు, ఈల ఎవరు నేర్పుతారు?

"నేను ఈల వేశాను. పట్టుకోండి" అన్నాడు అక్కడున్న పొద్దుటి దళపతితో.

దళపతి చెవి ఒగ్గి విన్నాడు. "అది ఈల కాదు బాబూ. ఉఫ్ అన్నారు. ఉఫ్ అంటే శాసనం లేదు."

మళ్లీ ఊదాడు. నీళ్ల కుండకు చిల్లు పడ్డట్టు సుయ్ మంది. భటులు తమలో తాము తర్కించుకున్నారు. ఇది ఈలేనని ఇద్దరు, దగ్గని ముగ్గురు. శరభకేతుకి ఒళ్లు మండిపోయింది. తన తల తీయించుకోవడానికి కూడా ఇంత బతిమాలాలా? కోపంతో రెండు వేళ్లు నోట్లో పెట్టి, గొరవయ్యను తలచుకుని, ప్రాణమంతా పెట్టి ఊదాడు. పొగడచెట్ల మీది చిలకలన్నీ ఒక్కసారిగా లేచేంత ఈల! కొండ కొస నుంచి రెండు రాళ్లు దొర్లి కింద పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు.

"ఆఁ, ఇది ఈలే" అన్నాడు దళపతి తృప్తిగా, కత్తి దూస్తూ.

శరభకేతు పరుగెత్తాడు. వెనక వందమంది భటులు. పూలబుట్టల మీంచి దూకాడు, రాజుగారి ఏనుగు కడుపు కింది నుంచి దూరాడు, గోడెక్కి మేడమీదికి, మేడమీంచి మేడమీదికి లంఘించాడు. బాణమొకటి తలపాగాను ఎగరగొట్టుకుపోయింది. ఒక మేడమీద ఎవరో ఇల్లాలు వడియాలు ఆరబెట్టుకుంటోంది. వాటి మీంచి పోవద్దని ఆవిడ కేకేస్తే, అంత ప్రాణాపాయంలోనూ చుట్టు తిరిగి పోయాడు. చివరి మేడమీంచి మండపం చూరుకు దూకి, స్తంభం పట్టుకుని జారి, మూలశిల మీద దబ్బున చెయ్యి పెట్టాడు. భటుల కత్తులు అతని మెడకు జానెడు దూరంలో ఆగిపోయాయి.

"శిలను ముట్టినవాణ్ణి విచారణ అయ్యేదాకా ముట్టరాదు" అంటూ మధ్య ఆసనంలోని ధర్మాధికారి కేదారయ్య కళ్లు తెరిచాడు. పాలనురుగు లాంటి గడ్డం, గుండెల దాకా. రెండు పక్కలా అంతే ముసలివాళ్లు ఇద్దరు. "ఏ శాసనం నిన్ను దెబ్బ తీసింది?"

"ఈల శాసనం. నన్నూ, చెరసాలలో ఉన్న గొరవయ్యనూ."

"గొరవయ్య రాలేదు కాబట్టి అతని సంగతి మాకు తెలియదు. నీ సంగతి చెప్పు."

శరభకేతు పళ్లు నూరుకుని శిల మీది అక్షరాలు చదివాడు. రెండో వాక్యం దగ్గర వేలు ఆగింది. 'గాలికి గొలుసు వేయరాదు.'

"స్వామీ, ఈల అంటే మనిషి ఊపిరి. ఊపిరి అంటే గాలి. నా గాలికి మీరు గొలుసు వేశారు. కాదంటారా, నా ముక్కూ నోరూ మూసి అప్పుడు ఈల వేయమనండి."

ముగ్గురు ముసలివాళ్లూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో ఎవరైనా వచ్చి ఆ మాట అని ఉంటే ఎంత బాగుండేదన్నట్టు తలలూపారు. అప్పటికే అక్కడికి చేరుకున్న ఘూకదత్తుడిని, రాజు తరఫున ఏమైనా చెప్పేదుందా అని అడిగారు.

"ఏమీ లేదు. కుర్రవాడు చెప్పింది న్యాయం" అన్నాడతను.

"కింది రేకు ఇంకా తోమలేదు" అని పేరిందేవి వెనక నుంచి నసిగింది.

"అది సభ పని. మా ముందున్నది పై రేకు ఒక్కటే" అని కేదారయ్య సుత్తి అందుకున్నాడు.

ఒక్కొక్కరు ఒక్కొక్క దెబ్బ. మొదటి దెబ్బకు "ఈ శాసనం లేదు" అన్నారు. రెండో దెబ్బకు "నిన్న లేదు" అన్నారు. మూడో దెబ్బకు "ఎన్నడూ లేదు" అన్నారు. రేకు పెళ్లున రెండు ముక్కలై నేల మీద పడింది. శరభకేతు ఆనందం పట్టలేక పేరిందేవిని ఎత్తి గిరగిరా తిప్పాడు. గొరవయ్యను విడిపించడానికి దళపతి స్వయంగా చెరసాలకు పరుగెత్తాడు. నగారాకు ఇంకా రెండు గడియల సమయముంది.

"దించు నాయనా, దించు" అంది పేరిందేవి, నవ్వకుండా. దిగి, చింతపండు తీసి, గొలుసుకు మిగిలిన పాత రేకును తోమింది. పైకి చదివింది.

"'ప్రతి పున్నమినాడు, సూర్యుడు పడమటి బురుజును తాకే వేళకు, శాసన మండపంలో నిలిచి ఉన్న పరదేశిని కొండమీది గండభేరుండానికి ఆహారంగా సమర్పించవలెను.'"

పేరిందేవి వంగి, విరిగిన రేకు ముక్కను తిరగేసి, వెనకవైపు సన్నగా చెక్కిన అక్షరాలు చదివింది. "'ఈల వినకపోతే పక్షి నిద్ర లేవదు. నిద్ర లేవకపోతే దానికి ఆకలి వేయదు. కనుక నరబలి మాని, ఈల మానెదము.' అయ్యో నాయనా! మా తాతలు తెలివైనవాళ్లే. మేమే మరిచిపోయాం."

"ఆ నరబలి శాసనాన్ని ఈల శాసనం ఎప్పుడో కొట్టేసింది కదా!" అన్నాడు శరభకేతు.

"ఈల శాసనం ఎన్నడూ లేదు" అన్నాడు కేదారయ్య ఓపికగా. "ఇప్పుడే కదా తేల్చాం, నువ్వు అడిగితేనే. లేని శాసనం దేన్ని కొట్టేస్తుంది?"

ఘూకదత్తుడు పగలబడి నవ్వాడు. "ఈలకు అది కన్ను తెరుస్తుంది. మనిషి మాంసం చూపిస్తే గానీ రెక్క విప్పదు. మనిషిని మేత వేస్తే నిన్నటిదాకా నేరం. ఇవాళ్టి నుంచి శాసనం! అది రెక్క విప్పితే చాలు, ఎక్కి ఊరేగే మంత్రం నా దగ్గరుంది. పన్నెండేళ్లుగా నీలాంటి తొందరగాడి కోసం చూస్తున్నాను."

శరభకేతు కత్తి ఎత్తాడు. ఈసారి భటులు వెయ్యిమంది. పెనుగులాడి పాతికమందిని పడగొట్టినా, చివరికి అతని చేతులు విరిచి కట్టి, మెడలో ఎర్రగన్నేరు దండ వేసి, నుదుట గంధం పెట్టి, కొండ మెట్ల పైనున్న బలిపీఠానికి మోసుకుపోయారు. మోస్తున్నవాళ్లు దారంతా క్షమాపణలు చెప్పుకుంటూనే ఉన్నారు. మాకేమీ సరదా కాదు బాబూ అని.

కొసనున్న నల్లబండ అప్పటికే కదులుతోంది. రెండు మెడలు లేచాయి. నాలుగు కళ్లు తెరుచుకున్నాయి. రెక్కల మీది మట్టి, చెట్లు, పిట్టగూళ్లు జలజలా రాలాయి. విప్పిన రెక్కల నీడలో ఊరు ఊరంతా మునిగిపోయింది.

కింద మండపం మెట్ల దగ్గర గొరవయ్య కనిపించాడు, విడుదలై, రొప్పుతూ.

"దొరా! మీ కాళ్లకు దండం పెడతా, కాస్త ఓపిక పట్టండి! ఇప్పుడే సభకు పోయి రద్దు చేయిస్తా!"

"సభ రేపటికి వాయిదా పడింది!"

"అయితే ఈ ముసలయ్యల్నే అడుగుతా! అయ్యా, ఆ శాసనం కొట్టేయండయ్యా!"

"దెబ్బ తిన్నవాడు రావాలి" అన్నాడు కేదారయ్య.

"దెబ్బ తినబోయేవాడు అదిగో, ఆ పైన ఉన్నాడు కదయ్యా!"

"తినబోయేవాడు వేరు, తిన్నవాడు వేరు. ఇంకా పక్షి అతన్ని ముట్టుకోలేదు."

"ముట్టుకున్నాక ఎవడొస్తాడయ్యా! మీ నోట మన్ను పడ!" గొరవయ్య నేల మీద కూలబడి తల బాదుకున్నాడు. పైనుంచి శరభకేతు గొంతు చించుకుని అరిచాడు: "గొరవయ్యా! నీకు పుణ్యముంటుంది, ఏ శాసనం జోలికీ పోకు! గుర్రమెక్కు! మనం పోయే పడమటి కొండలకే రా!"

సూర్యుడు పడమటి బురుజును తాకాడు. నగారా మోగింది. ఘూకదత్తుడు బూడిద గుప్పెట్లో పట్టుకుని మంత్రం అందుకున్నాడు. గండభేరుండం ఒక్కసారి రెక్క విదిలించేసరికి ఆ బూడిదంతా అతని కళ్లలోనే పడింది. అతను మంత్రం సగంలో మరిచిపోయి కుళ్లి కుళ్లి ఏడ్చాడు. పక్షి బలిపీఠం మీదకు వాలింది. ఇనుప కొక్కేల లాంటి గోళ్లు శరభకేతు నడుమును చుట్టుకుని, ఒక గోరు భుజంలో దిగి, నెత్తురు చిమ్మింది. మరుక్షణం పీఠం, కొండ, ఏడు ప్రాకారాలు గిర్రున తిరిగి అతని కాళ్ల కిందికి జారిపోయాయి.

"తగిలింది! స్పష్టంగా దెబ్బ తగిలింది!" కింద నుంచి కేదారయ్య, జీవితంలో మొదటిసారి ఆసనం మీంచి లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని సంతోషంగా కేకేశాడు. "నాయనా శరభకేతూ! ఇక నీ మొర వినడానికి మాకే అభ్యంతరమూ లేదు! వచ్చి శిల మీద చెయ్యి పెట్టు!"

అప్పటికి ఆ శిల శరభకేతు కంటికి ఆవగింజంత కూడా లేదు.